డిగ్రీ తర్వాత సెమినరీ: నాయకత్వం, చాప్లెన్సీ, పరిశోధన దారుల్లో ఏ అడుగు ముందు, ఏది వెనక

బీటెక్కో బీకామో పూర్తిచేసి "సేవకు పిలుపు ఉంది, సెమినరీకి (వేదాంత కళాశాలకు) వెళ్తాను" అనే పిల్లలు మన సంఘాల్లో ఏటా కనిపిస్తారు. పాస్టర్‌గారు తాను చదివిన కాలేజీ పేరు చెప్తారు. మేనమామ ఇంకో కాలేజీ పేరు పట్టుకొస్తాడు. చివరికి ఎక్కడ ముందు సీటొస్తే అక్కడ చేరిపోతారు. టెన్షన్ చదువు అయ్యాక మొదలవుతుంది. డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాల పరిధి) ఆ డిగ్రీని ఒప్పుకోదు, ఆస్పత్రి వేరే ట్రైనింగ్ అడుగుతుంది, పీహెచ్‌డీకి వెళ్దామంటే బైబిల్ మూలభాష హీబ్రూ రాదు.

అందుకని ఇక్కడ కాలేజీ ఎంపికను మూడో అడుగులో పెట్టాను. ముందు తేలాల్సింది మీరు చేయబోయే పని. ఆ తర్వాత, ఆ పనికి మిమ్మల్ని తీసుకునేది ఎవరు, వాళ్లు ఏ కాగితాలు అడుగుతారు అన్నది. ఇదంతా ప్రధానంగా ప్రొటెస్టెంట్ సంఘాల వారి కోసం రాసింది. కాథలిక్ అబ్బాయిలకు డయాసిస్ లేదా మఠం ద్వారానే దారి ఉంటుంది. వాళ్ల చదువు ఎక్కడ, ఎన్నేళ్లు అన్నది కూడా అక్కడే నిర్ణయమవుతుంది.

మొదటి అడుగు: పని తేల్చుకోండి

"దేవుని సేవ" అని దరఖాస్తులో రాస్తే చాలదు. మీరు ఊహించుకుంటున్న ఒక మామూలు మంగళవారం ఎలా ఉంటుందో కాగితం మీద పెట్టండి. సంఘ కమిటీతో మీటింగు, స్కూలు కరెస్పాండెంట్‌తో మాట, పొలం తగాదా, సాయంత్రం గృహకూటం ఉంటే మీది సంఘ నాయకత్వం. డయాలిసిస్ వార్డులో ఒక్కో మంచం దగ్గర పావుగంట కూర్చోవడం అయితే చాప్లెన్సీ, అంటే ఆస్పత్రి లాంటి సంస్థల్లో ఆధ్యాత్మిక ఆసరా ఇచ్చే పని. లైబ్రరీలో పాత మినిట్స్ పుస్తకం ముందు రోజంతా గడిచినా విసుగు రాకపోతే పరిశోధన.

మూడూ కలిపి చేస్తామనే వాళ్లున్నారు. మొదటి డిగ్రీ వరకు అది కుదురుతుంది. ఆ తర్వాత ట్రైనింగులే వేరైపోతాయి.

రెండో అడుగు: సంఘం మాట రాతలో తీసుకోండి

సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అభ్యర్థిని డయాసిస్ ఎంపిక చేసి, స్పాన్సర్ చేసి పంపుతుంది. బి.డి. (వేదాంతంలో మొదటి డిగ్రీ) అయ్యాక డీకన్ (సేవలో తొలి హోదా), ఆపై ప్రెస్బిటర్ (పూర్తి స్థాయి పాస్టర్). ఏఈఎల్‌సీలోనూ (ఆంధ్రా లూథరన్ సంఘం) స్థానిక సంఘం, సినడ్ (పై స్థాయి సంఘ పాలక విభాగం) సిఫారసు ఉండాలి. బాప్టిస్టుల్లో స్థానిక సంఘం, అసోసియేషన్ మాటకు బరువెక్కువ. స్వతంత్ర సంఘాల్లో ఇలాంటి నిబంధనలు పెద్దగా ఉండవు. సౌకర్యంగానే అనిపిస్తుంది కానీ, రేపు ఇంకో సంఘానికో ఆస్పత్రికో వెళ్తే "మీకు అభిషేకం (పాస్టర్‌గా అధికారిక నియామకం) ఇచ్చింది ఎవరు?" అన్న ప్రశ్న తప్పదు.

బయల్దేరకముందే మూడు విషయాలు అడిగి, జవాబు ఉత్తరంగా తీసుకోండి. ఏ డిగ్రీని ఒప్పుకుంటారు? ఫీజులో ఎంత భరిస్తారు? చదువయ్యాక నియామకం ఉంటుందా, ఉంటే ఎన్నేళ్లు మీ దగ్గర పనిచేయాలి? బిషప్ మారితే నోటిమాట మాయమవుతుంది.

అమ్మాయిలు నాలుగో ప్రశ్న కూడా అడగాలి: అభిషేకం ఇస్తారా, లేక "వర్కర్" అన్న పేరుతోనే ఉంచుతారా? సీఎస్ఐ 1976 నుంచే స్త్రీలకు అభిషేకం ఇస్తోంది. 2013లో నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత గారు సీఎస్ఐలో తొలి మహిళా బిషప్ అయ్యారు. అయినా అన్ని సంఘాల్లో పరిస్థితి ఒకటి కాదు, కాబట్టి మొహమాటపడి లాభం లేదు.

ఇంకొకటి ఎవరూ పైకి మాట్లాడరు: కుల ధ్రువపత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ్యంలోకి వెళ్లినవారికి ఎస్సీ హోదా ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో అలాంటివారు బీసీ-సి కిందికి వస్తారు. పాస్టర్‌గా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసును ఈ కారణంతోనే 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. ఆ ఉత్తర్వు న్యాయమైనదా కాదా అన్నది వేరే చర్చ, నా వరకు అది అన్యాయమే. కానీ సెమినరీలో చేరడం, అభిషేకం పొందడం అంటే మీ మతం బహిరంగ రికార్డు కావడం. పాత సర్టిఫికెట్‌తో స్కాలర్‌షిప్పో ఉద్యోగమో తీసుకుంటున్నవాళ్లు ముందే లాయరును కలవాలి.

మూడో అడుగు: ఏ డిగ్రీ, ఎవరి గుర్తింపు

మన దేశంలో ప్రొటెస్టెంట్ వేదాంత విద్య ప్రధానంగా మూడు గూళ్లలో ఉంది.

మొదటిది సెరంపూర్. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1818లో పెట్టిన కాలేజీ అది. 1827లో డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ ఇచ్చిన చార్టర్‌తో డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది, 1918లో బెంగాల్ శాసనసభ చట్టంతో ఇప్పటి సెనేట్ (డిగ్రీలను నడిపే పాలక మండలి) వ్యవస్థ స్థిరపడింది. దేశంలోని చాలా వేదాంత కళాశాలలు ఈ సెనేట్‌కు అనుబంధమే. తెలుగువారికి బాగా తెలిసినది హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ. లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్ఐ తమ తమ సెమినరీలను కలిపి 1964లో రాజమండ్రిలో దాన్ని మొదలుపెట్టారు, తర్వాత హైదరాబాద్‌కు మారింది. బెంగళూరు యూటీసీ (యునైటెడ్ థియలాజికల్ కాలేజీ) 1910 నాటిది. చెన్నై గురుకుల్, మధురై టీటీఎస్ (తమిళనాడు థియలాజికల్ సెమినరీ), కోల్‌కతా బిషప్స్ కాలేజీల్లోనూ మనవాళ్లు చదువుతుంటారు. డిగ్రీ చదివి వచ్చినవారికి బి.డి. సాధారణంగా నాలుగేళ్లు, ఆపై ఎం.టి.హెచ్. (మాస్టర్స్) రెండేళ్లు, తర్వాత డి.టి.హెచ్. (డాక్టరేట్).

రెండోది ఆసియా థియలాజికల్ అసోసియేషన్, అంటే ఏటీఏ. ఇది గుర్తింపునిచ్చే సంస్థ, విశ్వవిద్యాలయం కాదు. ఇందులో ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ) మూడేళ్లు. బెంగళూరు శాయాక్స్ లాంటి మంచి సంస్థలు ఈ గూటిలో ఉన్నాయి. చాలా స్వతంత్ర సంఘాలు, విదేశీ సెమినరీలు ఏటీఏ డిగ్రీని ఒప్పుకుంటాయి. మీ డయాసిస్ ఒప్పుకుంటుందో లేదో మీరే కనుక్కోవాలి.

మూడోది మామూలు విశ్వవిద్యాలయాలు. మద్రాస్, మైసూరు యూనివర్సిటీల్లో క్రైస్తవ అధ్యయన శాఖలున్నాయి. అక్కడి ఎం.ఏ., పీహెచ్‌డీలతో అభిషేకానికి నేరుగా దారి దొరకదు. కానీ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాలనుకుంటే, యూజీసీ నెట్‌లో తులనాత్మక మత అధ్యయనం రాయాలనుకుంటే ఈ దారే సూటిది.

వీటి బయట "డాక్టరేట్ ఆరు నెలల్లో" అని వాట్సాప్‌లో తిరిగే సంస్థలున్నాయి. శాలువా, గౌను, ఫొటో, పేరు ముందు "డా." అన్నీ ఇస్తారు. దాన్ని ఏ మంచి సెమినరీ లైబ్రరీ కార్డుకు కూడా లెక్కలోకి తీసుకోదు. బ్రోషర్‌లో "అఫిలియేటెడ్" అని ఉంటే సెనేట్ లేదా ఏటీఏ వెబ్‌సైట్‌లోని జాబితాలో ఆ కాలేజీ పేరు, మీరు చేరబోయే కోర్సు పేరు రెండూ ఉన్నాయో చూడండి. బి.డి.కి అనుమతి ఉన్నచోట ఎం.టి.హెచ్.కు ఉండాలని లేదు.

నాలుగో అడుగు: ప్రవేశం, మొదటి ఏడాది

ఎంట్రన్స్‌లో బైబిల్ పరిజ్ఞానం, ఇంగ్లిష్, సాధారణ జ్ఞానం అడుగుతారు, ఆపై ఇంటర్వ్యూ. మనవాళ్లు బైబిల్ దగ్గర తడబడరు, ఇబ్బందంతా ఇంగ్లిష్‌తోనే. లైబ్రరీ మొత్తం దాదాపు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. చేరే ముందు ఆరు నెలలు రోజూ పది పేజీల ఇంగ్లిష్ వ్యాసం చదివి, దాని సారం తెలుగులో ఒక పేజీ రాయండి. రెండు భాషలూ పదునెక్కుతాయి.

పెళ్లైనవాళ్లు ఫ్యామిలీ క్వార్టర్స్ ఉన్నాయా, పిల్లల స్కూలు ఎంత దూరం అని ముందే అడగండి. మెస్ బిల్లు ఫీజులో కలిసి ఉందో లేదో కూడా.

మొదటి ఏడాదిలోనే గ్రీకు లేదా హీబ్రూ గట్టిగా పట్టుకోండి. "పాస్టర్‌కి గ్రీకెందుకు?" అని సీనియర్లు నవ్వుతారు, వినకండి. బైబిల్ విభాగాల్లో ఎం.టి.హెచ్. చేయాలంటే అదే గేటు.

నాయకత్వం వైపు వెళ్లేవారికి

ఇక్కడ నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. లీడర్‌షిప్ పేరుతో నడిచే చాలా కోర్సుల్లో విజన్, మిషన్, మోటివేషన్ చుట్టూ తిప్పుతారు. మన సంఘాల్లో నాయకుడిని కూలదోసేది విజన్ లోపం కాదు. లెక్కలు, ఆస్తులు, ఎన్నికలు. కాబట్టి సిలబస్‌లో ఉన్నా లేకపోయినా ఇవి నేర్చుకోండి.

సంఘం సొసైటీగా రిజిస్టరైతే రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏటా చేయాల్సిన పనులుంటాయి: జనరల్ బాడీ, ఆడిట్ చేసిన లెక్కలు, కమిటీ సభ్యుల జాబితా దాఖలు. విదేశీ విరాళం తీసుకుంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) వర్తిస్తుంది. 2020 సవరణ తర్వాత డబ్బు ముందుగా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. అలా వచ్చినదాన్ని ఇంకో సంస్థకు పంచడం కుదరదు. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. "పక్క ఊరి సంఘానికి కొంచెం సాయం చేశాం" అన్న మంచి మనసే ఇక్కడ ఉల్లంఘన అవుతుంది.

పెళ్లిళ్ల సంగతి మరీ ముఖ్యం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందినవారు తమ సంఘ నియమాల ప్రకారం వివాహం జరిపించవచ్చు. స్వతంత్ర సంఘాల పాస్టర్లు సాధారణంగా ప్రభుత్వం నుంచి లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సు లేకుండా జరిపిన పెళ్లి వల్ల చిక్కుల్లో పడేది వధూవరులు. వీసాకు మ్యారేజ్ సర్టిఫికెట్ పెట్టేటప్పుడు బయటపడుతుంది.

ఫీల్డ్ వర్క్‌కు సంఘం ఎంచుకునేటప్పుడు పెద్ద కేథడ్రల్ కన్నా, నాలుగైదు పల్లె సంఘాలున్న పాస్టరేట్ అడగండి. కమిటీ మీటింగుల్లో మాట్లాడకుండా కూర్చుని మినిట్స్ రాసే పని తీసుకోండి. ఎవరు ఎవరి మాట కోసం ఎదురుచూస్తున్నారో మినిట్స్ రాసేవాడికే ముందు తెలుస్తుంది. కొన్నేళ్ల సేవ తర్వాత పనిలో ఉంటూనే చేసే డి.మిన్. (పాస్టర్ల కోసం ఉన్న డాక్టరేట్) గురించి ఆలోచించవచ్చు. బి.డి. అవగానే దానికి పరిగెత్తడం వృథా, ఎందుకంటే ఆ డిగ్రీకి ముడిసరుకు మీ అనుభవమే.

చాప్లెన్సీ వైపు వెళ్లేవారికి

ఈ దారిలో డిగ్రీ సగమే. మిగతా సగం క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్, సీపీఈ అంటారు. 1925లో అమెరికాలోని వూస్టర్ స్టేట్ హాస్పిటల్‌లో ఆంటన్ బాయ్‌సెన్ అనే పాస్టర్ మొదటి బృందానికి శిక్షణ ఇచ్చాడు. ఆయన స్వయంగా మానసిక రోగిగా ఆస్పత్రిలో ఉండి వచ్చినవాడు. పుస్తకాల్ని చదివినంత శ్రద్ధగా రోగిని చదవాలి అన్నదే ఆయన పట్టుదల. మన దగ్గర వేలూరు సీఎంసీ, బెంగళూరు బాప్టిస్ట్ హాస్పిటల్ ఈ శిక్షణకు పేరున్నవి. అమెరికాలో సీపీఈ ఒక యూనిట్ (ఒక విడత శిక్షణ) అంటే కనీసం 400 గంటలు. అక్కడ బోర్డు సర్టిఫికేషన్‌కు వేదాంతంలో మాస్టర్స్ స్థాయి చదువు, నాలుగు యూనిట్లు, మీ సంఘం ఎండార్స్‌మెంట్ (ఆమోద పత్రం) కావాలి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు కొందరు ఐటీ నుంచి ఈ వైపు రావాలనుకుంటారు. వాళ్లు ముందు ఒక్క యూనిట్ చేసి చూసుకోవడం మేలు, ఎం.డివ్. ఫీజు కట్టాక మనసు మార్చుకోవడం కన్నా.

శిక్షణలో గుండెకాయ "వెర్బేటిమ్". రోగితో జరిగిన సంభాషణను బయటికి రాగానే గుర్తున్నంతవరకు మాట పొల్లుపోకుండా రాసి, సూపర్‌వైజర్ ముందు, తోటి విద్యార్థుల ముందు చదవాలి. పేరు, మంచం నంబరు తీసేయాలి. మాటలకు నంబర్లు వేస్తారు. నమూనాకు నేను అల్లిన ఒకటి చూడండి. డయాలిసిస్‌లో ఉన్న ఒక పెద్దావిడ (పే, అంటే పేషెంట్), కొత్త చాప్లెన్ (చా):

చా1: వందనాలమ్మా. ఎలా ఉన్నారు?
పే1: ఏముంది అయ్యగారూ, వారానికి మూడుసార్లు ఈ కుర్చీ. పిల్లోడు ఆటో అమ్మేశాడు.
చా2: దేవుడు అంతా మేలుకే చేస్తాడమ్మా. ప్రార్థన చేద్దామా?
పే2: అలాగే అయ్యగారూ.

పైకి మర్యాదగా ముగిసింది. బృందం అడిగే ప్రశ్నలు ఇవి: ఆటో సంగతి ఎందుకు వదిలేశారు? ఆవిడ చెప్పింది రోగం గురించా, కొడుక్కి బరువైపోయానన్న బాధ గురించా? చా2లో ప్రార్థన ఎవరి అవసరం, ఆవిడదా, మాట ఎటు పోతుందో అని భయపడిన మీదా? చా2 స్థానంలో "ఆటో అమ్మేశాడా..." అని ఆగిపోయి ఉంటే పే2 వేరేలా ఉండేది. వినగానే జవాబివ్వాలన్న ఆత్రం, బైబిల్ వచనంతో బాధను మూసేయడం ప్రసంగాలకు అలవాటుపడ్డ మన పాస్టర్లకు కష్టంగా వదులుతాయి. మొదటి వెర్బేటిమ్ చదివిన రోజు చాలామందికి ఏడుపొస్తుంది, కొందరికి కోపం వస్తుంది. రెండూ శిక్షణలో భాగమే.

వెర్బేటిమ్ రాసే వరుస: వెళ్లే ముందు రోగి గురించి మీకు తెలిసింది, గదిలో అడుగుపెట్టగానే మీరు చూసింది, సంభాషణ, మధ్యలో మౌనాలు, కన్నీళ్లు బ్రాకెట్లలో, ఆ సమయంలో మీలో ఏం కదిలింది, చివర్న వేదాంత ఆలోచన. ఈ చివరి భాగంలో బైబిల్ వాక్యాలు గుప్పించకండి. ఒక్క ప్రశ్న చాలు: ఈ మంచం దగ్గర యోబు స్నేహితుల్లా మాట్లాడానా, లేక మొదటి ఏడు రోజుల్లో వాళ్లు చేసినట్టు ఊరకే కూర్చున్నానా?

ఆస్పత్రిలో రోగులు అన్ని మతాలవారూ ఉంటారు. అడగకుండా ప్రార్థన మొదలుపెట్టకూడదు. "మీకు ధైర్యాన్నిచ్చేది ఏమిటమ్మా?" అని అడిగితే వెంకన్న పేరు చెప్పేవారుంటారు, నమాజు గురించి చెప్పేవారుంటారు. వాళ్ల నమ్మకంలోనే వాళ్లకు ఆసరా దొరికేలా చూడటం చాప్లెన్ పని. మతప్రచారం చేయాలనుకునేవారు ఈ ఉద్యోగానికి రాకూడదు, మొహమాటం లేకుండా చెప్తున్నాను. రోగి చెప్పింది బయట, చర్చి కూటాల్లో సాక్ష్యంగా చెప్పడం కూడా అంతే తప్పు, పేరు మార్చినా సరే.

ఉద్యోగాలు ఎక్కడ? గుంటూరు కుగ్లర్, జమ్మలమడుగు క్యాంప్‌బెల్ లాంటి మిషన్ ఆస్పత్రులు, మిషన్ స్కూళ్లు, కాలేజీ హాస్టళ్లు, పాలియేటివ్ కేర్ కేంద్రాలు. జీతాలు తక్కువే. సైన్యంలో "పాద్రీ" పోస్టులు రిలిజియస్ టీచర్ కేటగిరీలో వస్తాయి. నాయబ్ సుబేదార్ హోదాతో జేసీఓగా (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) తీసుకుంటారు. డిగ్రీతో పాటు అభిషేకం పొంది ఉండాలి, స్థానిక బిషప్ ఆమోదించిన జాబితాలో పేరు ఉండాలి. వయోపరిమితి నోటిఫికేషన్‌లో చూసుకోండి. నాలుగేళ్ల బి.డి., ఆపై అభిషేకం అయ్యేసరికి చాలామందికి అదే అడ్డొస్తుంది.

పరిశోధన వైపు వెళ్లేవారికి

ఎం.టి.హెచ్.లో విభాగం ఎంచుకునేటప్పుడు కాలేజీ పేరు కన్నా గైడ్ ముఖ్యం. ఆయన లేదా ఆవిడ రాసిన వ్యాసాలు రెండు చదివి, ఇప్పుడు ఎంతమంది విద్యార్థులు ఉన్నారో, రిటైర్మెంట్ ఎప్పుడో కనుక్కోండి. సగంలో గైడ్ మారితే థీసిస్ మళ్లీ మొదటికొస్తుంది.

అంశాన్ని కుదించడం అన్నిటికన్నా కష్టం. "తెలుగు క్రైస్తవ చరిత్ర" అంశం కాదు. "ఒంగోలు సామూహిక బాప్తిస్మాలు" కొంచెం నయం. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇది అందరికీ తెలిసిన కథ. ఈ కథలో క్లౌకి ముందే ఊళ్లు తిరిగిన యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ బోధకులు ఎవరెవరు? వాళ్లు అప్పటికే ఏ గురు సంప్రదాయాల్లో ఉన్నారు? ఆ భాష సువార్తలోకి ఎలా వచ్చింది? ఇప్పుడది ఒక థీసిస్‌కు సరిపడే ప్రశ్న. మిషనరీ నివేదికల్లో దొర పేరు ప్రతి పేజీలో ఉంటుంది, మన బోధకుడు "నేటివ్ హెల్పర్" అయి పోతాడు. ఆ పేర్లు వెతికి పట్టుకోవాల్సింది తెలుగు చదవగలిగిన పరిశోధకులే.

ఆధారాలు ఎక్కడున్నాయో ముందు మ్యాప్ గీసుకోండి. బెంగళూరు యూటీసీ ఆర్కైవ్స్, సెరంపూర్ కేరీ లైబ్రరీ మన దేశంలో ముఖ్యమైనవి. విశాఖకు 1805లో వచ్చిన లండన్ మిషన్ కాగితాలు, మెదక్ వైపు పనిచేసిన వెస్లియన్ మిషన్ కాగితాలు లండన్ సోయాస్ యూనివర్సిటీ లైబ్రరీలో. మచిలీపట్నం సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) రికార్డులు బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ క్యాడ్‌బరీ లైబ్రరీలో. కాకినాడ చుట్టూ పనిచేసిన కెనడియన్ బాప్టిస్టులవి హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీలో. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి అట్లాంటాలో. 1842లో హేయర్‌తో మొదలైన గుంటూరు లూథరన్ మిషన్‌వి అమెరికా లూథరన్ ఆర్కైవ్స్‌లో. పాత మిషన్ పత్రికలు చాలావరకు స్కాన్ అయి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. టికెట్ కొనేముందు అక్కడ చూడండి.

విదేశాల కన్నా ముందు మీ ఊరి చర్చి బీరువా తెరిపించండి. బాప్తిస్మ రిజిస్టర్లు, పాత మినిట్స్, చందా పుస్తకాలు చెదలకు పోతున్నాయి. పాస్టరేట్ కమిటీ అనుమతి రాతలో తీసుకుని, పేజీలు వరుసగా ఫొటో తీసి, ఒక కాపీ సంఘానికే ఇవ్వండి. పెద్దవాళ్లను ఇంటర్వ్యూ చేస్తే సమ్మతి రికార్డు చేయండి. కులం, మతమార్పిడి గురించి వాళ్లు చెప్పింది అచ్చయ్యాక ఊళ్లో ఇబ్బంది రావచ్చు, అది ముందే వివరించాలి.

మొదటి రోజు నుంచే జొటేరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆధారాలు ఎక్కించండి. ప్రసంగంలో ఎవరి మాటైనా మనదిగా చెప్పేసే అలవాటు థీసిస్‌లో పనికిరాదు. సిమిలారిటీ సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది, డిగ్రీ పోతుంది.

డాక్టరేట్‌కు సెనేట్ పరిధిలో అయితే సాత్రి (డాక్టరేట్ పరిశోధనలు చూసే దాని సంస్థ) నియమాలు చూడండి. విదేశాలకైతే డబ్బు లెక్క ముందు: అమెరికాలో పెద్ద యూనివర్సిటీల మత అధ్యయన పీహెచ్‌డీలు చాలావరకు స్టైపెండ్‌తో ఉంటాయి, సెమినరీల్లో అన్నిచోట్లా ఉండదు, బ్రిటన్‌లో స్కాలర్‌షిప్ మీరే వెతుక్కోవాలి. తిరిగొచ్చి ఇక్కడ బోధిస్తామనేవారికి లాంగ్‌హామ్ లాంటి సంస్థలు సాయం చేస్తాయి.

ఆర్కైవ్‌కు మెయిల్ రాసేటప్పుడు "మా ప్రాంతం గురించి ఏమున్నాయో పంపండి" అంటే మర్యాదగా ఒక కేటలాగ్ లింకు వస్తుంది, అంతే. ఆ కేటలాగ్ మీరే చూసి, బాక్సు నంబరు, సంవత్సరాలు, ఊరి పేరును పాత ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో రెండు మూడు రకాలుగా రాసి, ఏ మిషనరీ ఉత్తరాలు కావాలో చెప్పి, స్కాన్‌కు పేజీకి ఎంతో అడగండి. గైడ్ పేరు, కాలేజీ పేరు జతచేయండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే అదే మెయిల్ కింద మర్యాదగా ఇంకోసారి రాయండి.